తాళం తిప్పే ముందు పది నిమిషాలు: జేసీబీ చుట్టూ ఒక రౌండ్

 

2019 మే నెల గుర్తుందా? దేశం మొత్తం సోషల్ మీడియాలో ఒక మెషిన్ మట్టి తవ్వుతుంటే చూస్తూ కూర్చుంది. హిందీలో 'జేసీబీ కీ ఖుదాయీ' అని హ్యాష్‌ట్యాగ్. ఎన్ని మీమ్స్ వచ్చాయో లెక్కే లేదు. అయినా మన ఊళ్లల్లో దానికి హ్యాష్‌ట్యాగ్ అక్కర్లేదు కదా. వీధిలోకి జేసీబీ వచ్చిందంటే చిన్నపిల్లల దగ్గర్నుంచి తాతయ్యల దాకా అందరూ అరుగుల మీదకి వచ్చేస్తారు.

అందరం తవ్వకాన్ని చూస్తాం. తవ్వకానికి ముందు పది నిమిషాలు ఏం జరగాలో మాత్రం ఎవరం చూడం. ఈరోజు ఎపిసోడ్ ఆ పది నిమిషాల గురించే. మీరు ఆపరేటర్ అయినా, హెల్పర్‌గా కొత్తగా చేరినా, డిప్లొమా చేసి సైట్‌లో సూపర్‌వైజర్‌గా ఉన్నా, ఇల్లు కట్టుకుంటూ గంట లెక్కన మెషిన్ తెచ్చుకుంటున్నా, చివరిదాకా ఉండండి. మీ అందరికీ ఇందులో ఒక పని ఉంది.

ముందు పేరు సంగతి చూద్దాం. మనం జేసీబీ అని పిలిచే మెషిన్ అసలు పేరు బ్యాక్‌హో లోడర్. ముందు పెద్ద లోడర్ బకెట్, వెనక తవ్వే చెయ్యి. జేసీబీ అంటే ఇంగ్లండ్‌లో 1945లో ఆ కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ గారి పేరులోని పొడి అక్షరాలు. చైన్ మీద నడిచే ఎక్స్‌కవేటర్‌ని కూడా మనవాళ్లు ఒక చోట హిటాచీ అంటారు, ఇంకో చోట ప్రొక్లెయిన్ అంటారు. అవీ కంపెనీ పేర్లే. మొదటిది జపాన్‌ది, రెండోది ఫ్రాన్స్‌లో పుట్టింది. ఏ కంపెనీదైనా నేను చెప్పబోయే చెకింగ్ దాదాపు ఒకటే. చిన్న చిన్న తేడాలు ఉంటే మీ మెషిన్ మాన్యువల్‌లో ఉన్నదే ఫైనల్.

ఇప్పుడు అసలు పాయింట్. చెకింగ్ అంటే చాలామంది ఏమనుకుంటారంటే, ఆయిల్ గేజ్ తీసి చూడటం, గ్రీజు కొట్టడం, నిమ్మకాయ పెట్టి దండం పెట్టుకోవడం. దండం పెట్టుకోండి, తప్పు లేదు. కానీ చెకింగ్ అనేది ఒక ప్రశ్నకి జవాబు వెతకడం: ఈ మెషిన్‌ని ఇవాళ స్టార్ట్ చెయ్యొచ్చా, చెయ్యకూడదా? 'చెయ్యకూడదు' అనే జవాబు వచ్చే అవకాశమే లేకపోతే, మీరు చేస్తున్నది చెకింగ్ కాదు.

పెద్ద సైట్లలో దీనికి ఒక షీట్ ఉంటుంది. నెలాఖరున ఆ షీట్ తీసి చూడండి. కొన్ని చోట్ల ముప్పై రోజులూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, వరసగా టిక్కులే. ముప్పై రోజుల్లో ఒక్క నట్టు లూజవ్వలేదు, ఒక్క పైపు చెమర్చలేదు. అంత మంచి మెషిన్ ఎక్కడా ఉండదు. నేను సాఫ్ట్‌వేర్ చేసిన రోజుల్లో మా దగ్గర ఒక మాట ఉండేది: ఎప్పుడూ పాస్ అయ్యే టెస్ట్‌ని నమ్మకు, అది దేన్నీ టెస్ట్ చెయ్యట్లేదేమో చూడు. మెషిన్ షీట్ కూడా అంతే.

సరే, రౌండ్ మొదలుపెడదాం. పొద్దున్నే మెషిన్ దగ్గరికి వచ్చారు. ఇంజిన్ ఆఫ్‌లో ఉండాలి, బకెట్లు రెండూ నేల మీద ఆని ఉండాలి, పార్కింగ్ బ్రేక్ వేసి ఉండాలి, తాళం మీ జేబులో ఉండాలి. జేబులో ఎందుకంటే, మీరు వెనకాల వంగి చూస్తున్నప్పుడు ఇంకెవరో క్యాబిన్ ఎక్కి "ఒక్కసారి స్టార్ట్ చేద్దాం" అనకుండా.

మొదట కిందికి చూడండి. మెషిన్ కింద నేల మీద తడి ఉందా? ఉంటే అది ఏంటి? నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్ కావచ్చు, రంగు నీళ్లలా ఉంటే కూలెంట్, వాసన చూస్తే డీజిల్ తెలిసిపోతుంది. రాత్రంతా నిలబడిన మెషిన్ తన జబ్బు ఏంటో కింద మట్టి మీద రాసి పెడుతుంది. కాబట్టి రాత్రి పెట్టేటప్పుడే కొంచెం శుభ్రమైన, చదునైన నేల చూసి పెట్టండి.

కిందకి వంగడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎండాకాలంలో సైట్‌లో నీడ దొరకదు. టిప్పర్ కిందో, మెషిన్ కిందో తువ్వాలు పరుచుకుని పడుకునేవాళ్లు ఉంటారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు కూడా ఒకసారి వంగి చూడాలి. పది నిమిషాల రౌండ్ పొద్దున ఒకసారి చాలు, కానీ ఈ వంగి చూడటం మాత్రం సీటు ఎక్కిన ప్రతిసారీ చెయ్యాల్సిందే.

తర్వాత ఎప్పుడూ ఒకే చోట మొదలుపెట్టి, ఒకే వైపుగా చుట్టూ తిరగండి. గుడిలో ప్రదక్షిణ చేసినట్టు. రోజూ ఒకే వరస అయితే ఏదీ మర్చిపోం. ముందు టైర్లు. కోతలు, ఉబ్బులు చూడండి. నట్లు చూడండి. నట్టు చుట్టూ తుప్పు రంగు గీత కిందికి జారి ఉన్నా, నట్టు దగ్గర లోహం కొత్తగా మెరుస్తున్నా, అది కదులుతోందని అర్థం. చేత్తో తిప్పితే తిరగదు కాబట్టి టైట్‌గానే ఉందనుకోకండి. ఆ గీతని నమ్మండి. గాలి కొట్టాల్సి వస్తే టైరు పక్క గోడకి ఎదురుగా నిలబడకండి. పొడుగు పైపు పెట్టి, టైరు నడిచే దారి వైపు, దూరంగా నిలబడండి. టైరు పేలితే దెబ్బంతా పక్కకే వస్తుంది.

తర్వాత లోడర్ చేతులు, వెనక బూమ్. ఇక్కడ పిన్నులు చూడాలి. పెద్ద పిన్ను బయటికి జారకుండా ఒక చిన్న లాక్ బోల్టు ఉంటుంది. చిన్నదే, కానీ అది పోతే పిన్ను రోజూ కొంచెం కొంచెం పక్కకి నడుస్తుంది. వెల్డింగ్ జాయింట్ల దగ్గర పెయింట్ మీద వెంట్రుక లాంటి తుప్పు గీత ఉంటే అది మామూలు గీత కాకపోవచ్చు, పగులు కావచ్చు. బురద పట్టి ఉంటే ముందు తుడవండి. బురద కింద పగులు కనపడదు.

ఎక్స్‌కవేటర్‌కి బకెట్ తీసి బ్రేకర్ పెట్టడం, మళ్లీ బకెట్ పెట్టడం, ఇలా తొందరగా మార్చడానికి క్విక్ కప్లర్ ఉంటే ఇంకా జాగ్రత్త. తగులుకున్నట్టే కనిపిస్తుంది, లాక్ మాత్రం పడి ఉండదు. గాల్లోకి ఎత్తాక ఊడి పడుతుంది. అందుకే మార్చిన ప్రతిసారీ లాక్‌ని కళ్లతో చూడాలి, నేలకి దగ్గరగానే ఉంచి, నేల మీద నొక్కి, లాగి చూడాలి. దగ్గర్లో మనిషి ఉండకూడదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, హైడ్రాలిక్ పైపులు. దీని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. కారు టైరులో గాలి ఎంత ఉంటుంది? రెండు బార్‌కి కొంచెం పైన. ఈ మెషిన్ హైడ్రాలిక్ లైన్లలో పని జరిగేటప్పుడు 200 బార్ దాటుతుంది. దాదాపు వంద రెట్లు. అంత ప్రెజర్‌లో పైపుకి సూది మొనంత రంధ్రం పడితే ఆయిల్ కారదు. కంటికి సరిగ్గా కనపడని సన్నని దారంలా దూసుకొస్తుంది.

మన అలవాటు ఏంటి? ఎక్కడ కారుతోందో తెలుసుకోవడానికి పైపు మీద చెయ్యి పెట్టి తడుముతాం. దయచేసి అది చెయ్యకండి. గ్లౌజులు వేసుకున్నా సరే. ఆ దారం చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది. పైకి ముల్లు గుచ్చుకున్నంత చుక్కే కనిపిస్తుంది. మొదట్లో పెద్ద నొప్పి కూడా ఉండకపోవచ్చు. లోపల మాత్రం ఆయిల్ కండరాల మధ్యకి పాకుతూ ఉంటుంది. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర టీటీ ఇంజెక్షన్ వేయించుకుని మళ్లీ పనిలోకి వచ్చే దెబ్బ కాదిది. సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి అప్పటికప్పుడు వెళ్లాలి. "ఏదో గుచ్చుకుంది" అనొద్దు. "ప్రెజర్‌లో ఉన్న హైడ్రాలిక్ ఆయిల్ చర్మం లోపలికి వెళ్లింది" అని స్పష్టంగా చెప్పాలి. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి చాలు, ఈ ఎపిసోడ్ పని అయిపోయినట్టే.

మరి లీకేజీ ఎలా వెతకాలి? అట్టముక్కతో. పైపుకి కొంచెం దూరంలో పొడుగ్గా ఉన్న అట్ట పట్టి కదిలిస్తే, దాని మీద ఆయిల్ మరక పడుతుంది. ఇంజిన్ ఆపాం కదా, ఇంక ప్రెజర్ ఉండదు అనుకోవడం కూడా పొరపాటే. బకెట్ గాల్లో ఉంటే ఆ బరువంతా ఆయిల్ మీదే ఉంటుంది. అందుకే బకెట్ నేల మీద ఆనించి, మాన్యువల్‌లో చెప్పినట్టు లివర్లు కదిపి ప్రెజర్ వదిలించాకే ఏ పైపైనా విప్పాలి. ఎత్తి ఉన్న లోడర్ చేతుల కిందికి సపోర్ట్ స్ట్రట్ పెట్టకుండా తల పెట్టకండి. "ఒక్క నిమిషమే కదా" అనే మాట వినిపిస్తే ఇంకా అస్సలు పెట్టకండి.

జాక్ రాడ్లు, అంటే మెరుస్తూ లోపలికి బయటికి జరిగే కడ్డీలు, వాటి మీద గీతలు, చుట్టూ తడి చూడండి. పైపులు ఒకదానికొకటి రాసుకుని లోపలి వైర్ బయటపడిందా, ఎక్కడైనా ఉబ్బిందా చూడండి.

తర్వాత బానెట్ తెరవండి. ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బెల్టు, డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు చేరాయా అన్నది. రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే మరిగే నీళ్లు ముఖం మీదకి ఎగజిమ్ముతాయి. ఆయిల్ పాల టీ రంగులోకి మారిందంటే అందులో నీళ్లు కలిశాయని అనుమానించాలి. హైడ్రాలిక్ ఆయిల్ లెవెల్ చూసేటప్పుడు ఒక చిన్న లాజిక్ ఉంది. జాక్‌లు చాచి ఉంటే కొంత ఆయిల్ వాటిలోకి వెళ్లిపోయి ట్యాంకులో తక్కువ కనిపిస్తుంది. అప్పుడు పోసేస్తే, జాక్‌లు ముడిచాక ఎక్కువైపోతుంది. అందుకే చేతులు ఏ పొజిషన్‌లో ఉంచి చూడాలో కంపెనీ చెబుతుంది. అలాగే చూడండి.

ఇక క్యాబిన్. ఎక్కేటప్పుడు మెషిన్ వైపు తిరిగి ఎక్కండి. రెండు చేతులు, రెండు కాళ్లల్లో మూడు ఎప్పుడూ మెషిన్‌ని పట్టుకుని ఉండాలి. మెట్ల మీద గ్రీజు, బురద తుడవండి. అద్దాలు శుభ్రంగా ఉన్నాయా, హారన్ మోగుతోందా, రివర్స్ అలారం పనిచేస్తోందా, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉందా చూడండి. పెడల్ కింద నీళ్ల బాటిల్, పానా, టిఫిన్ డబ్బా లేకుండా చూడండి.

సీటు బెల్టు గురించి ఒక మాట. "ఇది గంటకి పది కిలోమీటర్లు పోయే బండి, దీనికి బెల్టు ఏంటన్నా?" అంటారు. బెల్టు స్పీడు కోసం కాదు. మెషిన్ ఒక పక్కకి ఒరిగినప్పుడు మనిషి సహజంగా బయటికి దూకుతాడు. చాలాసార్లు మెషిన్ కూడా అదే పక్కకి, అతని మీదే పడుతుంది. క్యాబిన్ ఫ్రేమ్‌ని తిరగబడినా నలిగిపోకుండా తయారు చేస్తారు. కానీ అది లోపల ఉన్నవాడినే కాపాడుతుంది. లోపల ఉంచేది బెల్టు.

బ్యాక్‌హో లోడర్‌లో ఇంకోటి. చాలా మోడల్స్‌లో బ్రేక్ పెడల్స్ రెండు ఉంటాయి, ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. ఇరుకు చోట తిప్పుకోవడానికి అలా ఇచ్చారు. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపే లాక్ వెయ్యాలి. వెయ్యకుండా రోడ్డు మీద గట్టిగా ఒకటే తొక్కితే మెషిన్ ఒక పక్కకి లాగేస్తుంది. పక్కన బైకు మీద ఎవరున్నారో మనకి తెలీదు. వెనక బూమ్ లాక్ కూడా అలాగే, ఊరి మధ్య నుంచి పోయేటప్పుడు అది ఊగకూడదు.

ఇప్పుడు స్టార్ట్. గేర్ న్యూట్రల్, లివర్లు న్యూట్రల్, చుట్టూ చూసి, హారన్ కొట్టి, అప్పుడు తాళం తిప్పండి. వార్నింగ్ లైట్లు ఆరాయా చూడండి. తర్వాత ఖాళీ చోట, మెల్లగా, ఒక్కో లివర్ కదిపి చూడండి. కొంచెం కదిలి బ్రేక్ వేసి చూడండి. స్టీరింగ్ రెండు పక్కలకీ తిప్పి చూడండి. ఈ టైమ్‌లో చుట్టుపక్కల ఎవరూ ఉండకూడదు, హెల్పర్‌తో సహా.

ఇది ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, 2020 ఆగస్టు 1న విశాఖపట్నంలో హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో ఒక భారీ క్రేన్ కూలిపోయి 11 మంది చనిపోయారు. ఆ సమయంలో ఆ క్రేన్‌కి ట్రయల్ నడుస్తోంది. అది చాలా పెద్ద క్రేన్, మనది చిన్న మెషిన్, రెండింటికీ పోలిక లేదు. కానీ ఒక విషయం మాత్రం మనకీ వర్తిస్తుంది. పరీక్ష అంటే ఏం జరుగుతుందో ఇంకా తెలియని సమయం. మనుషులు అన్నిటికంటే దూరంగా ఉండాల్సింది అప్పుడే. మనం మాత్రం కొత్త మెషిన్ ట్రయల్ అంటే దగ్గరికి వెళ్లి వీడియో తీస్తాం.

చివరగా పైకి చూడండి. కరెంటు వైర్లు ఎక్కడున్నాయి? బూమ్ పూర్తిగా లేస్తే ఎంత ఎత్తు వస్తుంది? వైర్ దగ్గర్లో ఉంటే కరెంటు డిపార్ట్‌మెంట్‌తో మాట్లాడి లైన్ ఆపించకుండా మొదలుపెట్టకండి.

ఇంతే. అలవాటైతే పది నిమిషాలు. డబ్బు లెక్క కూడా వేద్దాం. గంట అద్దె 1,200 అనుకుంటే, పది నిమిషాల విలువ 200 రూపాయలు. ఒక్క హైడ్రాలిక్ పైపు పని మధ్యలో పగిలితే ఆయిల్, పైపు, మెకానిక్, పోయిన పూట కలిపి ఎంతవుతుందో ఓనర్లకి నాకంటే బాగా తెలుసు. ఇక మనిషికి ఏమైనా అయితే లెక్క వెయ్యలేం.

అయితే రౌండ్ తెలియక ఆగేవాళ్లు తక్కువ. సీనియర్ ఆపరేటర్లకి ఇదంతా వచ్చు. కష్టం ఎక్కడంటే, తప్పు దొరికాక "స్టార్ట్ చెయ్యను" అని చెప్పడం దగ్గర. ఓనర్ ఫోన్ చేస్తుంటాడు, పార్టీ అరుస్తుంటాడు, పనిలో చేరి రెండు నెలలే అయిన కుర్రాడు ఏం చెప్తాడు? అందుకే ఆ నిర్ణయం పొద్దున ఆరింటికి ఒత్తిడిలో తీసుకోకూడదు. ముందే, ఓనర్, ఆపరేటర్ కూర్చుని టీ తాగుతూ రాసుకోవాలి. ఒక ఎరుపు లిస్టు, ఒక పసుపు లిస్టు.

ఎరుపు అంటే ఎవరు చెప్పినా మెషిన్ కదలదు. బ్రేక్, స్టీరింగ్, లూజు చక్రం నట్లు, పగిలిన బూమ్, ఉబ్బిన పైపు, జారుతున్న పిన్ను, లాక్ పడని కప్లర్, మోగని హారన్ లేదా రివర్స్ అలారం, తెగిన సీటు బెల్టు. పసుపు అంటే ఇవాళ్టికి నడుస్తుంది, కానీ ఏ రోజులోగా బాగు చేయించాలో తేదీ వెయ్యాలి. అరిగిన బకెట్ పళ్లు, చిరిగిన సీటు కవర్ లాంటివి. తేదీ దాటితే పసుపు కూడా ఎరుపే.

ఇక్కడ మీ చేతిలో ఉన్న ఫోన్ పనికొస్తుంది. రౌండ్ చేసేటప్పుడు తప్పు కనపడితే ముప్పై సెకన్ల వీడియో తీయండి. అవర్ మీటర్ రీడింగ్ కూడా అందులో పడాలి. ఓనర్‌కి వాట్సాప్ చెయ్యండి. అప్పుడు మాట ఎలా మారుతుందో చూడండి. "అన్నా, బండి బాలేదు" అంటే, "రోజూ ఉండేదే కదరా, కానివ్వు" అంటాడు. అదే ఇలా చెప్పండి: "అన్నా, ఎడమ ముందు చక్రం నట్లు రెండు లూజయ్యాయి, వీడియో పంపించాను చూడండి. మెకానిక్‌కి ఫోన్ చేశాను, స్టడ్లు చూసి బిగించాక మొదలుపెడతాను. పార్టీకి గంట లేటని మీరొక మాట చెప్పండి." ఇందులో గొడవ లేదు. తప్పు ఏంటో ఉంది, సాక్ష్యం ఉంది, ఎంతసేపో ఉంది. రేపు ఏదైనా జరిగితే "ఆపరేటర్ చెప్పలేదు" అనే మాట కూడా ఎవరూ అనలేరు.

చట్టం కూడా మీ వైపే ఉంది. 2020లో పార్లమెంట్ ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో, తీవ్రమైన గాయమయ్యే ప్రమాదం ఎదురుగా ఉందని కార్మికుడికి అనిపిస్తే యజమాని దృష్టికి తీసుకెళ్లే హక్కు ఉంది. తెలిశాక వెంటనే సరిచెయ్యాల్సిన బాధ్యత యజమానిది.

ఇక మెషిన్ అద్దెకు తెచ్చుకునేవాళ్లకి. మీరు మెషిన్ గురించి ఏమీ నేర్చుకోనక్కర్లేదు. ఆపరేటర్ రాగానే "అన్నా, చెకింగ్ అయిందా? కానివ్వండి, మేం ఆగుతాం" అనండి. పిల్లల్ని వెనక్కి పిలవండి. బకెట్‌లో మనిషిని ఎక్కించి పైకి లేపమని, కొబ్బరికాయలు దింపమని అడగకండి. మీరు తొందరపెట్టకపోతే ఆ కుర్రాడు తన పని తాను చేసుకోగలుగుతాడు.

ఈ ఎపిసోడ్‌ని మీకు తెలిసిన ఒక్క ఆపరేటర్‌కైనా పంపండి. మీ సైట్‌లో ఎరుపు లిస్టులో ఇంకా ఏం ఉండాలో చెప్పండి, మంచివి వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాను. ఉంటాను మరి. జాగ్రత్తగా ఉండండి, సాయంత్రం ఇంటికి చేరండి. నమస్తే.